ఫైబర్ బోటు డెక్ మీద జారని పెయింటు నిలబడాలంటే ముందు ఏం చెయ్యాలి?

పూడిమడక కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది అనకాపల్లి జిల్లా పూడిమడక. నాన్నకి 9 మీటర్ల ఫైబర్ బోటు ఉంది, అవుట్‌బోర్డ్ ఇంజిన్. వేట నిషేధం కదా, ఒడ్డు మీదికి ఎక్కించి పెట్టాం. జూన్ 14 దాకా టైముంది. ఈలోగా డెక్ పని తేల్చెయ్యాలని నా ఉద్దేశం.

సంగతేంటంటే, అమరం (బోటు వెనక భాగం) వైపు వల లాగే చోట డెక్ అరిగి నున్నగా అయిపోయింది. కవళ్ల చేప పడిన రోజు ఆ జిడ్డులో నిలబడటమే గగనం. మా చిన్నాన్న వల లాగుతూ జారి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు, ఇప్పటికీ కుంటుతున్నాడు. కిందటేడు నిషేధంలో ఒక పెయింటర్ని పిలిచి బూడిద రంగు పెయింటులో ఇసుక కలిపి వేయించాం. వేసిన కొత్తలో బాగానే ఉంది. సంక్రాంతికల్లా అప్పడాల్లా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. పెచ్చు లేచిన చోట కింద ఫైబరు కొత్తదానిలా తళతళలాడుతోంది.

ఈసారి నేనే చేద్దామనుకుంటున్నా. పెయింటు షాపాయన "థిన్నర్‌తో తుడిచి వేసెయ్, చాలు" అంటున్నాడు. నిజంగా చాలా? పాత పెయింటు మొత్తం తీసెయ్యాలా, ఊడిన చోట మాత్రమే తీస్తే సరిపోతుందా? గ్రైండర్ పెట్టొచ్చా? ఎపాక్సీ ప్రైమర్ (పెయింటు కింద పట్టు కోసం వేసే పూత) ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, అది లేకుండా కుదరదా? ఇంకోటి, ఐసు పెట్టె పక్కన తొక్కితే డబడబమని సౌండ్ వస్తోంది. దాని గురించి కూడా చెప్పండి.

ట్రాలర్ మనిషి:

మాది చెక్క బోటు తమ్ముడూ. ఇనామిల్ పెయింటు, జల్లించిన ఇసుక, అంతే. ఏటా నిషేధంలో గీకడం, మళ్లీ వెయ్యడం. రెండు నెలలు ఖాళీయే కదా, ఏటా వేసుకుంటే పోయేదేముంది? ఎక్కువ ఆలోచించకు.

రెజిన్ బాబాయ్:

పైన అన్న చెప్పింది చెక్కకి నడుస్తుంది. చెక్క పెయింటుని తాగుతుంది, ఫైబరు తాగదు. తేడా అంతా అక్కడే.

నేను కాకినాడలో ఫైబర్ పని చేస్తాను. బోట్లు పోస్తాను, పగిలినవి అతుకుతాను. డెక్ పెయింట్ల గురించి నా దగ్గరికి వచ్చే గొడవల్లో చాలావరకు పెయింటు తప్పు ఉండదు. తమ్ముడూ, ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడు. వెనక నున్నగా మెరుస్తుంటే ఆ పెయింటు నీ డెక్‌ని అసలు పట్టుకోనే లేదు, ఊరికే పైన కూర్చుని ఉంది. వెనక తెల్లటి పొడి అంటుకుని వస్తే అది వేరే జబ్బు, ఎండకి పొడిబారిపోయిన జెల్‌కోట్ (ఫైబర్ పైనుండే నున్నటి రెజిన్ పొర) మీద వేశారన్నమాట. కింద తళతళలాడుతోందని నువ్వే రాశావు కాబట్టి నీది మొదటి రకం. శాండ్ పేపర్ ముఖం చూడని డెక్ మీద రంగు పూశారు.

ఇప్పుడు నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది వరస. ముందు కడగాలి, తర్వాతే శాండ్ పేపర్ పట్టాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు. అచ్చులోంచి ఫైబరు ఊడి రావడానికి అచ్చుకి మైనం పూస్తాం. అందులో కొంత జెల్‌కోట్ మీదే ఉండిపోతుంది. దాని మీద ఏళ్ల తరబడి చేప నూనె, ఇంజిన్ ఆయిలు, ఉప్పు. ఈ సరుకంతా అలాగే ఉండగా శాండ్ పేపర్ పెట్టావంటే ఆ జిడ్డుని గీతల్లోకి కూరినట్టు. తర్వాత ఎంత తుడిచినా రాదు. పేపరు కూడా రెండు నిమిషాల్లో పూడుకుపోతుంది. పేపరు ఊరికే పూడుకుపోతోందంటేనే కింద జిడ్డు ఉందని లెక్క.

కాబట్టి మొదట లేచిన పెయింటంతా స్క్రేపర్‌తో లేపెయ్. స్క్రేపర్ మూలలు ఆకురాయితో కాస్త గుండ్రంగా అరగదీసుకో, లేకపోతే జెల్‌కోట్ మీద గాట్లు పడతాయి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన మంచినీళ్లతో, గట్టి బ్రష్షుతో డెక్ మొత్తం రుద్ది కడుగు. సముద్రపు నీళ్లు వద్దు, ఎండాక ఉప్పు మిగులుతుంది. బాగా ఆరనిచ్చి అప్పుడు ఎసిటోన్ (జిడ్డు కరిగించే ద్రావకం) పట్టు. దీనికి రెండు గుడ్డలు కావాలి. కుడిచేతి గుడ్డ ఎసిటోన్‌లో ముంచి చేటంత మేర తడుపు, అది ఎగిరిపోయేలోపు ఎడమచేతి పొడి గుడ్డతో తుడిచెయ్. గుడ్డ మడత మారుస్తూ ఉండు. తెల్ల బనీను గుడ్డలైతే ఎంత మురికి వస్తోందో కంటికి కనిపిస్తుంది. షాపాయన చెప్పినట్టు ఒకే గుడ్డతో డెక్ అంతా తుడిస్తే ఐసు పెట్టె దగ్గరి జిడ్డుని అణియం (బోటు ముందు భాగం) దాకా పులమడమే అవుతుంది.

కడగడం అయిందో లేదో తెలుసుకోవడానికి మిషన్లు అక్కర్లేదు. చెంబుడు మంచినీళ్లు పోసి చూడు. నీళ్లు పలచగా పరుచుకుని అలాగే నిలబడాలి. చుక్కలు చుక్కలుగా ముడుచుకుపోయాయంటే అక్కడ ఇంకా జిడ్డుంది, మళ్లీ కడుగు. వల లాగే చోట ఒక కడుగుకి లొంగడం నేను చూడలేదు.

ఎసిటోన్ పెట్టుకుని బీడీ వెలిగించేవాడిని బోటు దరిదాపులకి రానివ్వకు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రిలో ఎన్ని బోట్లు బూడిదయ్యాయో మీవైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పాత పెయింటు మొత్తం తియ్యాలా అన్నావు. పరీక్ష చేసి తేల్చుకో. ఊడనట్టు కనిపించే చోట బ్లేడుతో ఇంటూ గుర్తులా గాటు పెట్టి, దాని మీద గట్టి టేపు అంటించి, బొటనవేలితో నొక్కి, సర్రున లాగు. టేపుతో పాటు పెయింటు వచ్చిందా, దానికి నమస్కారం పెట్టి మొత్తం తీసెయ్. నీ కేసులో వస్తుందనే నా పందెం. ఒకవేళ రాకపోతే థిన్నర్‌లో ముంచిన గుడ్డ పావుగంట దాని మీద వేసి ఉంచు. ముడతలు పడితే అది మామూలు ఇనామిల్. దాని మీద రెండు డబ్బాల పెయింటు (పెయింటు, గట్టిపరిచే హార్డెనర్ కలిపి వేసేది) వేస్తే కిందిది ఉబ్బి పైదాన్ని లేపేస్తుంది.

గ్రైండర్ మాత్రం వద్దే వద్దు. జెల్‌కోట్ మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. గ్రైండర్ చేతిలో ఒక్కసారి తూలితే చాలు, కింద గాజు పీచు మ్యాట్ బయటపడుతుంది, అక్కణ్నుంచి నీళ్లు లోపలికి దిగుతాయి. డబ్బాలో అమ్మే పెయింట్ రిమూవర్ కూడా ఫైబర్ మీద వద్దు, అది పెయింటుకీ రెజిన్‌కీ తేడా చూడదు. తిరుగుడు శాండర్ అద్దెకి తెచ్చుకో. 80 నంబరు పేపరుతో మొదలుపెట్టి 120తో ముగించు. ఎక్కడా మెరుపు కనపడకూడదు, మొత్తం సుద్దలా కళ లేకుండా రావాలి. పొద్దుటి ఏటవాలు ఎండలో డెక్ మట్టానికి వంగి చూస్తే మిగిలిన మెరుపులు తెలుస్తాయి. నిండు చేతుల చొక్కా, ముక్కుకి మంచి మాస్కు తప్పనిసరి. పని అయ్యాక చన్నీళ్లతోనే కడుక్కో, వేణ్నీళ్లు పోసుకుంటే ఆ గాజు పొడి దురద రాత్రంతా నిద్రపోనివ్వదు.

డెక్ మీద అచ్చులోనే వేసిన డైమండ్ గళ్లు ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడ శాండర్ పైమొనల్నే తాకుతుంది. గాడిలో మైనం అలాగే ఉంటుంది. అక్కడ ఎసిటోన్ ముంచిన గట్టి బ్రష్షుతో రుద్ది, తర్వాత గరుకు స్క్రబ్బర్‌తో చేత్తోనే గీకాలి. నడుం పడిపోయే పనే, అయినా దొంగదారి లేదు.

హ్యాచ్ (డెక్ మీది మూత) చుట్టూ ఎవరైనా సిలికాన్ పెట్టి ఉంటే శాండర్ ముట్టించక ముందే బ్లేడుతో పూర్తిగా కోసి తీసెయ్. అది డెక్ అంతా పాకిందంటే పెయింటు అక్కడక్కడ చేపకళ్లలాంటి గుంటలు గుంటలుగా విడిపోతుంది. గాట్లు, సొట్టలు ఉంటే ఎపాక్సీ లప్పం పెట్టు. గోడలకి పెట్టే లప్పం పెట్టేవాళ్లని కూడా చూశాను, దాని గురించి మాట్లాడటం కూడా దండగ. కొక్కేలు, మడతబందులు విప్పగలిగినవన్నీ విప్పి పక్కన పెట్టు. వాటి చుట్టూ బ్రష్షు తిప్పి వదిలేస్తే మొదటి పెచ్చు అక్కడే లేస్తుంది.

ప్రైమర్ మానొచ్చా అంటే, పేపరు పెట్టినప్పుడు ఎక్కడా జెల్‌కోట్ తెగకుండా, లప్పం పెట్టకుండా ఉంటే కొన్ని పెయింట్లు నేరుగా వెయ్యొచ్చని డబ్బా మీదే రాసి ఉంటుంది. నీ డెక్ సంగతి విన్నాక నేనైతే మానను. వల లాగే చోటికి, లప్పం పెట్టిన చోటికి ఎపాక్సీ ప్రైమర్ ఉండాల్సిందే.

ఇక ఆ డబడబ. పెయింటు కంటే అది పెద్ద సంగతి. స్పానర్ పిడితో అంగుళం అంగుళం కొడుతూ వెళ్లు. టకటకమని గట్టిగా పలికినంత మేరా బాగున్నట్టు. బొద్దుగా, బోలుగా పలికిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టు. రాత్రి ఆ మేరకి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులన్నీ టేపుతో మూసెయ్. పొద్దున్న షీటు లోపలివైపు చెమ్మ పట్టి ఉంటే డెక్ ఫైబరు పొరల మధ్య ఉండే ప్లైవుడ్ నీళ్లు తాగింది. ఏం తేలిందో ఇక్కడ రాయి.

గాజువాక టు సింగపూర్:

బాబాయ్ గారు కింది పని అంతా చెప్పేశారు. నేను ఇక్కడ షిప్‌యార్డులో పెయింట్ ఇన్‌స్పెక్షన్ చేస్తాను, మాది గాజువాక. టైమింగ్ గురించి ఒక్క ముక్క.

మన తీరంలో మే నెలలో డ్యూ పాయింట్ (ఎంత చల్లబడితే గాలిలో తేమ నీటిబొట్లుగా మారుతుందో ఆ వేడి) 25 నుంచి 27 డిగ్రీలు ఉండటం మామూలే. తెల్లవారుజామున ఆకాశం కింద పడుకున్న డెక్ అంతకంటే చల్లబడుతుంది, అందుకే వాన లేకపోయినా పొద్దున్న తడిగా ఉంటుంది. కంటికి ఆరినట్టు కనపడినా సన్నటి పొర మిగిలే ఉంటుంది. ఓడల మీద మా రూలు ఏంటంటే ఉపరితలం డ్యూ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. మధ్యాహ్నం దీనికి రివర్స్ టెన్షన్. డెక్ మీద చెయ్యి పెట్టలేం. అప్పుడు వేస్తే పైపొర ముందే బిగిసి, లోపలి థిన్నర్ బయటికి రాలేక బుడగలు లేస్తాయి. కాబట్టి బోటు మీద టార్పాలిన్ పందిరి కట్టుకుని, మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపెయ్యాలి. సాయంత్రం వేద్దామనుకుంటే రాత్రి తేమ తగులుతుంది. రెండు డబ్బాల పాలియురేతేన్‌కి ఆ తేమంటే అస్సలు పడదు, మెరుపు చచ్చిపోతుంది.

ఎండలో కలిపిన పెయింటు బకెట్‌లోనే గట్టిపడుతుంది కూడా. వేడి 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే టైము దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బా మొత్తం ఒకేసారి కలపొద్దు, చిన్న చిన్న వాయిలుగా కలుపుకోండి.

ఇంకోటి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే దాంతో ఉప్పు వచ్చి వాలుతుంది. నిన్న వేసిన ప్రైమర్ మీద ఇవాళ రెండో కోటు వేసే ముందు మంచినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాకే వెయ్యండి. కోటుకీ కోటుకీ మధ్య ఎంత టైము ఇవ్వొచ్చో డబ్బాతో వచ్చే కాగితంలో ఉంటుంది. అది దాటితే మళ్లీ శాండ్ పేపర్ పట్టాల్సిందే.

పాలియురేతేన్ హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే విష రసాయనం ఉంటుంది. దుమ్ము మాస్కు దాన్ని ఆపదు. రసాయన ఆవిర్లకి వాడే క్యాట్రిడ్జ్ మాస్కు కొనండి. స్ప్రే జోలికి పోకండి, రోలర్ చాలు.

పూడిమడక కుర్రాడు:

బాబాయ్ గారూ, సింగపూర్ అన్నా, ఇద్దరికీ దండాలు. పెచ్చు తిప్పి చూశాను, వెనక నున్నగానే ఉంది. టేపు పరీక్షలో చాప లేచినట్టు లేచింది, మొత్తం గీకేస్తున్నాం. చెంబు నీళ్ల పరీక్షలో అణియం వైపు బాగానే పరుచుకుంది. వల లాగే చోట మాత్రం ఇంకా ముడుచుకుంటోంది, మళ్లీ కడుగుతాను. ప్లాస్టిక్ షీటు కింద పొద్దున్న చుక్కలు పట్టాయి, ఐసు పెట్టె కొక్కెం చుట్టూ జానెడు మేర.

ఇసుక సంగతి మిగిలింది. మాకు ఇంటి ముందే కావలసినంత ఇసుక. కడిగి వాడొచ్చా? నాన్న ఇంకో మాట అంటున్నాడు. గరుకు ఎక్కువైతే నైలాన్ వల చీలిపోతుందట, మేం ఉత్త కాళ్లతో తిరుగుతాం కాబట్టి అరికాళ్లు కూడా పోతాయట.

రెజిన్ బాబాయ్:

మీ నాన్నగారు పెయింటు కంపెనీల కంటే తెలివైనవారు. ఆ డబ్బాల మీద రాసేదంతా బూట్లు వేసుకుని తిరిగే వాళ్ల కోసం.

ముందు తడి. కొక్కెం బోల్టు కన్నంలోంచి నీళ్లు దిగాయి, అది మామూలుగా జరిగేదే. కొక్కెం విప్పి, నువ్వు గుర్తు పెట్టిన జానెడులో సన్న బిట్టుతో పైపొర దాటి ప్లైవుడ్‌లోకి మాత్రమే దిగేలా నాలుగైదు కన్నాలు వెయ్యి. బిట్టుకి అంటుకొచ్చిన ప్లైవుడ్ పొట్టు పసుపుగా, పొడిగా ఉంటే ఎండలో ఆరనిచ్చి, కన్నాల్లోకి పలచని ఎపాక్సీ దించి మూసెయ్యొచ్చు. నల్లగా, మెత్తగా, వాసనతో వస్తే అది కుళ్లింది. ఆ ముక్క పైపొర కోసి, ప్లైవుడ్ మార్చి, మ్యాట్ వేసి మూయాలి. అది నువ్వు చెయ్యకు, మీ దగ్గర ఫైబర్ పని తెలిసినవాళ్లని పిలు. మళ్లీ కొక్కెం బిగించేటప్పుడు బోల్టు కన్నం కాస్త పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో కన్నం వేసుకో. అప్పుడు నీళ్లు దిగినా ప్లైవుడ్‌కి తగలవు.

బీచ్ ఇసుక వద్దు. ఎంత కడిగినా ఉప్పు మిగులుతుంది, పైగా అలలకి దొర్లి దొర్లి ఆ రేణువు మొనలన్నీ గుండ్రంగా అరిగిపోయి ఉంటుంది. మీ వైపు ఇసుకలో నల్లటి ఖనిజాలు కూడా కలిసి ఉంటాయి, అవి బరువుకి డబ్బా అడుక్కి దిగిపోతాయి. షాపులో ఎండబెట్టి జల్లించిన సిలికా ఇసుక సంచుల్లో దొరుకుతుంది, సన్న రకం తీసుకో. ప్లాస్టిక్ పూసల పొడి దొరికితే ఉత్త కాళ్లకి అది ఇంకా నయం.

పెయింటులో కలిపి వెయ్యకు. ఇసుక అడుక్కి చేరి ఒకచోట బరకగా, ఒకచోట నున్నగా వస్తుంది. కిందటేడు నీ పెయింటర్ చేసింది అదే. ఎపాక్సీ ప్రైమర్ రెండో కోటు తడిగా ఉండగానే పైనుంచి చల్లాలి. ఖాళీ డబ్బా మూతకి మేకుతో చిల్లులు పొడువు. చెయ్యి తలకంటే పైకెత్తి ఊపితే సమంగా రాలుతుంది, కిందికి వంగి చల్లితే కుప్పలు పడుతుంది. తడి కనపడకుండా మొత్తం కప్పేదాకా చల్లు, పిసినారితనం వద్దు. మర్నాడు మెత్తటి చీపురుతో ఊడ్చేస్తే అంటనిదంతా వచ్చేస్తుంది. అప్పుడు పెయింటు రెండు కోట్లు. మొదటి కోటు ఆరాక అరచేత్తో రాసి చూడు. చర్మం గీసుకుంటుంటే వాడిన శాండ్ పేపర్‌తో మొనలు తేలిగ్గా దులిపి, అప్పుడు రెండో కోటు వెయ్యి.

వల జారే అంచు మీద, బోటు పక్క గోడ మీద అసలు ఇసుక వెయ్యకు. అక్కడ నున్నగానే ఉండాలి, నిలబడే చోట మాత్రమే గరుకు. హ్యాచ్ చుట్టూ, నీళ్లు పోయే తూముల దగ్గర కూడా రెండు వేళ్ల వెడల్పు నున్నగా వదులు, పొలుసులు, నెత్తురు సులువుగా కడిగేసుకోవచ్చు. ఈ నున్నటి చోట్లని విడదీస్తూ టేపు వేసేటప్పుడు మూలలు చదరంగా కాకుండా డబ్బా మూత పెట్టి గుండ్రంగా కోసుకో. చదరపు మూలకి కాలు తగిలి ముందు అదే లేస్తుంది.

జూన్ 14 అని ఆ వారంలో పెట్టుకోవద్దు. పెయింటు పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది, ఈలోగా వానలు కూడా దిగొచ్చు. మే ఆఖరికి ఆఖరి కోటు అయిపోయేలా చూసుకో.

పూడిమడక కుర్రాడు:

కన్నాలు వేశాను బాబాయ్ గారూ, పొట్టు పసుపుగానే వచ్చింది, కాస్త చెమ్మ ఉందంతే. ఎండబెడుతున్నా. టేపు ఎప్పుడు పీకాలి? అంతా ఆరాకేనా?

రెజిన్ బాబాయ్:

బతికిపోయావు. ఆరాక పీకితే అంచు పెయింటు కూడా టేపుతో లేచొస్తుంది. ఇసుక చల్లిన కోటుకి ఒక టేపు, అది తడిగా ఉండగానే పీకెయ్. పైకోట్లకి కొత్త టేపు వేసుకుని, ఆఖరి కోటు అంటుకునేలా ఉన్నప్పుడే, వెనక్కి మడిచి పడుకోబెట్టి లాగు. నిలువుగా ఎత్తి లాగొద్దు.